రాహుకాలంలో బీఫారం

హాలియాలో మా పార్టీకి ఒకటే జెండా, ఒకటే గుర్తు, ఒకటే కండువా. మనుషులు మాత్రం మూడు రకాలు. ఈ మాట పార్టీ ఆఫీసులో అంటే మెడపట్టి బయటికి గెంటుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ ఆఫీసులో మినిట్స్ పుస్తకం రాసేది నేనే. బడిపంతులుగా రిటైరైన వాడికి చేతిరాత బాగుంటుందని ఆ పని నాకు అంటగట్టారు. నా అభిప్రాయం ఎవరూ అడగరు, నేనూ చెప్పను. అందుకే మూడు రకాల వాళ్లకీ నేనంటే ఇష్టం.

ఇది నా కథ కాదు, మంజులత కథ. కానీ ఆ గురువారం సంగతి తల్చుకుంటే చాలు, ఇప్పటికీ నా గుండె దడదడ కొట్టుకుంటుంది. అరవై నాలుగేళ్ల వయసులో, వెనక ఇద్దర్ని ఎక్కించుకుని, హాలియా బజార్లో స్కూటర్ అంత జోరుగా తోలానంటే మా ఇంట్లో నేటికీ నమ్మరు.

మంజులతది బస్టాండు వెనక సందులో టైలర్ దుకాణం. పుట్టింది పెద్దవూర దిక్కు పల్లెలో. వాళ్ల నాయన ఎడ్ల బేరగాడు, వారంలో నాలుగు రోజులు ఏదో ఒక అంగడి దారిలోనే ఉండేవాడు. ఆయనకు మంచి వేళ పట్టింపు ఎక్కువ. బయలుదేరాల్సిన వేళ బాగలేకపోతే, అంతకుముందే మంచి వేళ చూసి తన తువ్వాల తీసుకెళ్లి పక్కింట్లో పెట్టి వచ్చేవాడు. దాన్ని పరస్థానం పెట్టడం అంటారు. బట్ట గడప దాటితే మనిషి దాటినట్టే లెక్క, ఆ తర్వాత ఏ వేళలో కదిలినా దోషం లేదు. ఆ తువ్వాల పట్టుకుని పక్కింటికి ఉరికింది చిన్నప్పుడు మంజులతే. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పెళ్లై హాలియాకు వచ్చింది. భర్త లారీ డ్రైవరు. తెలంగాణ వచ్చిన ఏడాదే మిర్యాలగూడ రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. మూణ్నెల్లు తిరక్కుండానే ఆమె మిషన్ ముందు కూర్చుంది. అప్పుడే మా పార్టీ సభ ఒకటి పడింది. హైదరాబాదు నుంచి రావాల్సిన కండువాలు రాలేదు. అందరూ తలలు పట్టుకుంటే మంజులత ఒక్క రోజులో రెండు వందల కండువాలు కుట్టి, మూటకట్టి, నెత్తిన పెట్టుకుని సభ దగ్గరికి తెచ్చింది. ఆ రోజు నుంచి మా పార్టీ కండువా అంటే ఆమె చేతి కండువానే. పదేళ్లు దాటింది.

ఎవరైనా పార్టీలో చేరితే కండువా కప్పుతాం. పెద్ద నాయకుడు వస్తే కప్పుతాం. పుట్టినరోజుకు కప్పుతాం, చచ్చిపోతే శవం మీద కూడా కప్పుతాం. మంజులత ప్రతి సభకీ వచ్చేది, మూట అప్పజెప్పి వెనక నిలబడేది. వేల కండువాలు ఆమె చేతుల మీదుగా పోయాయి, ఒక్కటీ ఆమె మెడలో పడలేదు. ఒకసారి నేనే ఏదో మాటలో అడిగితే, "నాకెవరు కప్పుతరు సారూ, నేను మూట ఇచ్చిపొయ్యేదాన్ని గదా" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది.

ఇప్పుడు మా మూడు రకాల సంగతి చెప్తాను.

మొదటి రకం ఆచారం వాళ్లు. వాళ్ల పెద్ద బాలయ్య, పార్టీ పట్టణ అధ్యక్షుడు కూడా ఆయనే. కాలవ కింద వరి పండే రైతు. చొక్కా జేబులో ఎప్పుడూ పంచాంగం ఉంటుంది. వర్జ్యం చూడకుండా క్షవరానికి కూడా పోడు. పొద్దున గడప దాటాలంటే భార్య యాదమ్మ నిండు బిందెతో ఎదురు రావాల్సిందే, ఆమె పుట్టింటికి పోతే ఆ రోజు ఈయన ఇల్లు కదలడు. అయితే ఒక్కటి, అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు.

రెండో రకం దుకాణం వాళ్లు. వాళ్ల పెద్ద నరసింహ సేటు, ఎరువుల దుకాణం, రైస్‌మిల్లు ఉన్నాయి. పంచాంగంతో పని లేదు. పన్నులు తగ్గాలి, లైసెన్సులు ఎత్తేయాలి, సర్కారు అనేది మన దుకాణం ముందు నుంచి తలవంచుకుని పోవాలి, అదీ ఆయన సిద్ధాంతం. గుడికి చందా ఇస్తాడు గాని గంట కొట్టే టైం లేదంటాడు.

మూడో రకం జోష్ వాళ్లు. వాళ్ల నాయకుడు రిత్విక్, ఇరవై ఆరేళ్లవాడు, వెనక నలభై బైకులు. వాళ్ల పని ద్రోహుల్ని కనిపెట్టడం. బయట ఎవరూ దొరక్కపోతే పార్టీ లోపలే వెతుకుతారు.

ముగ్గురూ పాతదే మంచిదంటారు. ఏ పాతది అన్న దగ్గరే లొల్లి. బాలయ్యకు పాత అంటే వాళ్ల తాత కాలం. రిత్విక్‌కు వెయ్యేళ్ల కింద. సేటుకైతే ట్రేడ్ లైసెన్సు ఫీజు పెరగక ముందు, అంటే మూడేళ్ల కింద. ఒక ఆదివారం దీని మీద కుర్చీలు లేచేదాకా కొట్లాడుకుంటే, నేను మినిట్స్‌లో 'విలువలపై ఫలవంతమైన చర్చ జరిగింది' అని రాశాను. ఆఖరికి కండువా కూడా బాలయ్యకు పసుపు అంచుతో కావాలి, సేటుకు పలచటి బట్టతో చాలు, రిత్విక్‌కు సింహం బొమ్మ లేకపోతే కుదరదు. మంజులత ముగ్గురికీ మూడు రకాలుగా కుట్టేది. దూరం నుంచి అన్నీ ఒకటే రంగు కాబట్టి ఫోటోల్లో బాగా కనిపించేవి.

ఈ పరిస్థితుల్లో మున్సిపల్ ఎన్నికలు వచ్చి పడ్డాయి. మంజులత ఉండే ఏడో వార్డు బీసీ మహిళకు పోయింది. వెంటనే బాలయ్య తన కోడలితో, సేటు తన భార్యతో, రిత్విక్ తన మేనత్తతో నామినేషన్లు వేయించారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి తాము పోటీ చేస్తున్న సంగతి కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడే తెలిసింది.

బీఫారం సంగతి తెలియని వాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. ఒక పార్టీ పేరు మీద ఎంతమందైనా నామినేషన్ వేయొచ్చు. కానీ మా అభ్యర్థి ఫలానా ఆమె అని పార్టీ రాసిచ్చే కాగితం ఒకటి ఉంటుంది, అదే బీఫారం. ఉపసంహరణ చివరి రోజు మూడు గంటల్లోపు అది అధికారి చేతిలో పడాలి. పడిన వాళ్లకే పార్టీ గుర్తు. పడకపోతే అందరూ స్వతంత్రులే, ఏ టార్చిలైటో గ్యాసు పొయ్యో పట్టుకుని తిరగాలి.

అభ్యర్థి ఎవరో తేల్చడానికి మంగళవారం మధ్యాహ్నం మీటింగు పెట్టారు. ముగ్గురు పెద్దలూ మూడు పేర్లు చెప్పి గోడలకేసి చూస్తూ కూర్చున్నారు. గంటన్నర గడిచింది. అప్పుడు మంజులత కండువాల మూట తెచ్చి బల్ల మీద పెట్టి, ఎప్పటిలా వెనక్కి పోకుండా అక్కడే నిలబడింది.

"సారూ, నామినేషన్ల లిస్టుల నాలుగో పేరు జర చదువుండ్రి" అంది.

చూశాను. నాలుగో పేరు ఆమెదే. పార్టీ పేరు మీదనే వేసింది. ప్రతిపాదించింది వాళ్ల సందులో ఉండే ఉప్పలమ్మ. లిస్టు నా దగ్గర రెండు రోజుల నుంచి ఉన్నా నేను మూడో పేరు దగ్గరే ఆగిపోయాను.

"మా గల్లీ మోరి ఆరేండ్ల సంది పొంగుతాంది" అంది మంజులత. "వానొస్తె మిషిన్లను మంచం మీదికి ఎత్తి నేను మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలవడుత. పద్దెనిమిది దరఖాస్తులు ఇచ్చిన. పందొమ్మిదోది ఇచ్చుడెందుకు, ఆ కుర్చీల నేనే కూసుంట. నాకు టికెట్ ఇయ్యిండ్రి."

గదిలో ఒక్కసారి కలకలం రేగింది. ముందుగా తేరుకున్నది సేటు. బాలయ్య కోడలు కాకపోతే చాలు, ఆయనకు ఎవరైనా ఒకటే. "సొంత దుకాణం నడుపుకుంటాంది, ఎవ్వరి ముందటా చెయ్యి చాపలే. గిసుంటోళ్లే గావాలె మనకు!" అని బల్ల చరిచాడు.

రిత్విక్ లేచి నిలబడ్డాడు. "అక్కా, నువ్వు అవతలి పార్టీకి గూడ కండువాలు కుడతవ్. గిది ద్రోహం గాదా?"

"కుడత. నా బతుకుదెరువు గదా తమ్మీ. గందుకే ఒక సంగతి ఎరుక. మా వార్డు కోసమని వాళ్లు నాలుగు వందల కండువాలు చెప్పిండ్రు. నువ్వు నూట యాభై చెప్పినవ్, అండ్ల అరవై ఇంకా తీస్కపోలే."

రిత్విక్ మొహం చూడాలి. కోపం ఎటు పోయిందో, కళ్లు మెరిసిపోయాయి. "ఆరో వార్డుకు ఎన్ని చెప్పిండ్రక్కా?" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"నా వార్డు కాబట్టి నాది చెప్పిన. వేరేది చెప్ప. మీ సంగతి వాళ్లకు చెప్తున్ననా?"

ఆ మాటతో రిత్విక్ ఆమె మనిషైపోయాడు. ఇక మిగిలింది బాలయ్య. ఆయన చాలాసేపు పంచాంగం అట్టను వేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"మంజుల మంచి పిల్లనే. నేను కాదన" అన్నాడు చివరికి. "కని ప్రచారంల అందరికంటె ముందు నడిచేది అభ్యర్థే గదా. పొద్దుపొద్దుగాల ఇంటింటికి పొయ్యి ఎదురువడేది ఆమెనే గదా. జనం ఏమనుకుంటరు?"

ఏమంటున్నాడో అందరికీ అర్థమైంది. భర్త పోయిన మనిషి ఎదురొస్తే శుభం కాదని. మంజులత కండువాల మూట ముడిని ఒకసారి విప్పి, మళ్లీ గట్టిగా బిగించింది.

"జనం సంగతి నాకెరుకే మామా. నీ సంగతి చెప్పు" అంది.

"జిల్లా ఆఫీసు ఏం చెప్తె గదే" అని బాలయ్య లేచాడు.

ఆ రోజు మినిట్స్‌లో నేను 'ఇతర కారణాలపై కూడా చర్చ జరిగినది' అని రాశాను. అందమైన చేతిరాతతో రాశాను. చదువుకున్నవాణ్ణి, ఆమె కట్టిన మూటలు పదేళ్లు విప్పిన వాణ్ణి, ఒక్క మాట అనలేకపోయాను.

బుధవారం సాయంత్రం నల్లగొండ నుంచి ఫోన్ వచ్చింది. అభ్యర్థి మంజులత! జిల్లా వాళ్లు ముగ్గురు పెద్దల్నీ విడివిడిగా అడిగారట. ప్రతి ఒక్కరూ మొదట తమ మనిషి పేరు చెప్పి, అది కాకపోతే మిగతా ఇద్దరి మనుషులు మాత్రం వద్దని మంజులత పేరు చెప్పారట. బాలయ్యతో సహా! ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం. సందులో ఆడవాళ్లు ఎగిరి గంతేశారు. ఉప్పలమ్మ నా చేతిలో కూడా ఇంత చక్కెర పోసింది.

బీఫారం అధ్యక్షుడి చేతికే ఇస్తారు, కాబట్టి గురువారం పొద్దున బాలయ్య నల్లగొండ బయలుదేరాడు. దారిలో మంజులత దుకాణం ముందు కారు ఆపించాడు. నామినేషన్ కాగితాల నకళ్లు సర్దిపెట్టడానికి నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ఆయన మెడలో కండువా తీసి ఆమెకిచ్చి, "అంచు ఊడింది బిడ్డా, కుట్టివెట్టు, వచ్చేటప్పుడు తీస్కపోత" అన్నాడు. దుకాణం గోడ గడియారంలో ఏడూ నలభై అయింది.

పదకొండు లోపలే మిగతా ముగ్గురు ఆడవాళ్లూ నామినేషన్లు వెనక్కి తీసుకున్నారు. సేటు భార్య అయితే సంతకం పెట్టి "హమ్మయ్య" అని పైకే అంది. ఇక ఏడో వార్డులో మా పార్టీకి మంజులత ఒక్కతే. బీఫారం అందితే అభ్యర్థి, అందకపోతే ఏమీ లేదు. మేమందరం మున్సిపల్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద చేరాం. నల్లగొండ గంట ప్రయాణం. ఒకటి దాటింది, బాలయ్య రాలేదు. ఒకటిన్నర అయింది. రాలేదు. ఒకటీ నలభైకి నా ఫోన్ మోగింది. యాదమ్మ.

"సారూ, మీ అధ్యక్షుడు ఇంటికొచ్చి కూసున్నడు. ఊరి మొదట్లకు రాంగనె రాహుకాలం వచ్చిందట. మూడింటికి పోతదట. పోయినంక వస్తనంటాండు."

గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు దాకా. ఆఫీసు తలుపులు మూసేది కూడా మూడింటికే! బీఫారం జేబులో పెట్టుకుని ఆఫీసుకు రెండు కిలోమీటర్ల దూరంలో తలుపేసుకుని కూర్చునే మనిషి ఈ భూమ్మీద మా అధ్యక్షుడు తప్ప ఇంకొకడు ఉండడు.

సంగతి చెప్పగానే గొడవ పేలింది. "కావాలెనని జేసిండు! కోడలికి రాలేదని కడుపుమంట!" అని సేటు అరిచాడు. "ద్రోహి! తలుపులు పలగ్గొడదాం పాండ్రి!" అని రిత్విక్ బైక్ ఎక్కాడు. ఇంటి మీద పడి గొడవ చేస్తే కేసులౌతాయి, దుకాణాలు మూసుకోవాల్సి వస్తుందని సేటుకు భయం పట్టింది. ఫోన్ చేసి మిల్లు లారీని తెప్పించి చౌరస్తాలో అడ్డం పెట్టించాడు. ఇటు నలభై బైకుల హారన్లు, అటు లారీ, మధ్యలో ఇద్దరూ ఒకరి కాలర్ ఒకరు పట్టుకుని, పార్టీ విలువలు ఎవరికి తెలుసో తేల్చుకుంటున్నారు. టైం రెండూ ఐదు.

మంజులత నా దగ్గరికొచ్చింది. "సారూ, స్కూటర్ల పెట్రోల్ ఉన్నదా?"

ఉంది. ఆమె ఎక్కింది. పోనిచ్చాను. చౌరస్తా తప్పించి వెనక సందుల్లోంచి పోతుంటే, "దుకాణం కాడ జర ఆపుండ్రి" అంది. దిగి లోపలికి ఉరికి, బాలయ్య కండువా సంచిలో వేసుకుని వచ్చింది. "ఇప్పుడు కండువా ఎందుకమ్మా!" అని నేను కేకపెట్టాను. "గావాలె సారూ, పోనియ్యుండ్రి" అంది. నాకు చెమటలు, దడ, దానికి తోడు నవ్వు కూడా వస్తోంది. నా జన్మలో అంత హుషారుగా ఎప్పుడూ లేను.

బాలయ్య ఇల్లు చేరేసరికి రెండూ పదిహేను. తలుపు తీసే ఉంది. గడపకు అవతల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబులోంచి బీఫారం కవరు తొంగిచూస్తోంది. యాదమ్మ ఒక మూల మొహం మాడ్చుకుని నిలబడింది. మంజులత వాకిట్లోనే మెట్ల కింద ఆగింది.

"మామా, మూడింటికి తలుపులు మూస్తరు."

"ఎరుకే బిడ్డా. మూడు కొట్టంగనె ఉరికొస్త." ఆయన జేబులో కవరును అరచేత్తో అదుముకున్నాడు. "నేను ఇయ్యనంటలేను. రాహుకాలంల గడప దాటి ఇచ్చిన కాగితం కలిసిరాదు. నువ్వు ఓడిపోతవ్. నీ మంచికే చెప్తున్న."

నిజంగానే అంటున్నాడు. అదీ నా ప్రాణానికొచ్చిన చిక్కు. దొంగాటకమైతే తిట్టొచ్చు, ఈ మనిషి కళ్లలో నీళ్లు పెట్టుకుని మా కొంప ముంచుతున్నాడు.

మంజులత సంచిలోంచి కండువా తీసి రెండు చేతులా పట్టుకుంది.

"పొద్దుగాల దీన్ని నా దుకాణంల పెట్టిపోయినవ్. యాదికున్నదా? నువ్వు మళ్ల తీస్కపోలే. నీ బట్ట పొద్దటి సంది బయటనే ఉన్నది. పరస్థానం పెట్టినట్టే గదా మామా. నీ ప్రయాణం అప్పుడే మొదలైంది, ఇంకా ఒడవలే. ఇప్పుడు నువ్వు కొత్తగ బయలెల్లుతలేవు."

బాలయ్య నోరు తెరిచి ఆమెనే చూశాడు. నేనైతే అక్కడే చప్పట్లు కొట్టబోయాను. ఆయన పంచాంగం తీశాడు, మూశాడు, మళ్లీ తీశాడు.

"కని..." అన్నాడు. "పరస్థానం ముత్తయిదువ ఇంట్ల పెట్టాలె బిడ్డా."

యాదమ్మ "అయ్యో" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంజులత కండువాను చూసింది, ఆయన్ను చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నేను ఎదురొస్తె పనికిరాను. నా ఇంట్ల బట్ట పెడితె పనికిరాదు. మరి పదేండ్ల సంది నా చేతి కండువా నీ మెడల ఎట్ల ఏసుకున్నవ్ మామా?"

గోడ గడియారం రెండూ ఇరవై ఎనిమిది. బాలయ్య తల వంచుకున్నాడు. చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది, అక్కడ నల్లగొండలో ఇచ్చిన కొత్త కండువా ఉంది. దాని అంచు తిప్పి కుట్టు చూశాడు. అది కూడా ఆమె కుట్టే. జిల్లా ఆఫీసుకు మూటలు పోయేది హాలియా నుంచే.

ఆయన లేచాడు. అలవాటు కొద్దీ "యాదమ్మా, బిందె" అన్నాడు.

యాదమ్మ కదల్లేదు. "నేను రాను. ఎదురొచ్చేటామె వాకిట్లనే ఉన్నది" అంది.

మంజులత పక్కకు జరగబోయింది. ఎవరైనా బయలుదేరుతుంటే పక్కకు జరగడం ఆమెకు పదేళ్లుగా అలవాటు. "జరగకు బిడ్డా, ఆడనే నిలవడు" అని యాదమ్మ గట్టిగా కేకేసింది. మంజులత నిలబడింది. బాలయ్య గడప దాటి, నిండు రాహుకాలంలో, ఎదురుగా ఆమెనే చూస్తూ మెట్లు దిగాడు. నా కళ్లు మసకబారాయి, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

కారు డ్రైవరు అన్నానికి పోయాడు. ముగ్గురం స్కూటర్ ఎక్కాం. ముందు నేను, మధ్యలో ధోవతి ఎత్తి పట్టుకున్న పట్టణ అధ్యక్షుడు, వెనక అభ్యర్థి. బజారంతా నోళ్లు తెరిచి చూసింది. పోయేటప్పుడు దూరిన వెనక సందు ఈపాటికి బైకులతో మూసుకుపోయింది, ఎన్ని గల్లీలు తిరిగినా ఆఫీసుకు దారి ఇక చౌరస్తా మీదుగానే, అక్కడ లారీ అలాగే ఉంది. టైం రెండూ నలభై మూడు. "దిగుండ్రి!" అన్నాడు బాలయ్య. ఇంజన్ ఆగకముందే ఆయన దిగి పరుగు అందుకున్నాడు! లారీ కిందుగా వంగి దూరి అవతల తేలాడు. వెనక మంజులత, ఆ వెనక నేను. కాలర్లు పట్టుకున్న సేటూ రిత్వికూ మమ్మల్ని చూసి కాలర్లు వదిలేశారు. అంతే, రెండు గుంపులూ కేకలేస్తూ మాతో పాటు ఉరికాయి. ఒకరు ఒక నినాదం, ఇంకొకరు ఇంకొకటి, ఎవరి నినాదం వాళ్లదే. కాళ్లు మాత్రం ఒకే దిక్కు.

గేటు దగ్గర పోలీసులు ఆపారు. లోపలికి కండువాలతో పోకూడదు. అందరూ తీసి గోడ పక్కన పడేశారు. పసుపు అంచువి, పలచటివి, సింహం బొమ్మవి, అన్నీ ఒకే కుప్పలో. బాలయ్య, మంజులత లోపలికి పోయారు. మేము గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాం. సేటు పక్కన రిత్విక్, ఒకరి భుజం ఒకరికి తగులుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. రెండూ యాభై ఆరుకు మంజులత వరండాలోకి వచ్చింది. చేతిలో రసీదు. దాన్ని పైకెత్తి చూపించింది. ఉప్పలమ్మ వేసిన కేకకు వేపచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి.

బయటికొచ్చాక బాలయ్య ఆమె సంచి అడిగి తీసుకున్నాడు. పొద్దున ఇచ్చిన తన పాత కండువా బయటికి తీశాడు.

"ఒక్క దిక్కే కుట్టిన మామా. ఇంకో అంచు గట్లనే ఉన్నది" అంది మంజులత.

"ఉండనియ్యి" అని ఆయన దాన్ని ఆమె భుజాల చుట్టూ కప్పాడు. ఆమె రెండు అంచులూ పట్టుకుని కిందికి చూసుకుంది. వేల కండువాలు కుట్టిన మనిషికి మెడలో ఎలా సర్దుకోవాలో తెలియలేదు. మా వెనకే ఆటోలో వచ్చిన యాదమ్మ సర్దింది.

ప్రచారంలో పన్నెండు రోజులూ మంజులతే ముందు నడిచింది. ఒకటి రెండు ఇళ్లలో తలుపు ఓరగా మూశారు, నిజమే. ఎక్కువ ఇళ్లలో ఆమె కుట్టిన రవికలే ఎదురొచ్చాయి. మా మూడు రకాల వాళ్లూ మూడు రకాల కరపత్రాలు వేసి పంచారు. ఆమె మాత్రం మోరి సంగతి ఒక్కటే మాట్లాడింది. నలభై ఒక్క ఓట్లతో గెలిచింది! ఆ నలభై ఒకటి తమ వల్లనే వచ్చాయని మూడు గుంపులూ విడివిడిగా లెక్కలు చెప్పాయి.

ఓట్లు లెక్కపెట్టిన రోజు, ఊరేగింపు బయలుదేరే ముందు, బాలయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"సారూ, మీకొక్కళ్లకే చెప్తున్న. నేను ఆమెకు కండువా ఇచ్చినప్పుడు టైం ఎంత?"

"ఏడూ నలభై" అన్నాను.

"ఇంట్ల నుంచి మంచి వేళలనే ఎల్లిన. కని ఏడున్నరకే వర్జ్యం వచ్చింది. వర్జ్యంల పెట్టిన పరస్థానం చెల్లదు. ఆమెకు గది ఎరుక లేదు. నాకు ఎరుకే."

"ఆ రోజు కూడా ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి ఎందుకు లేచిండ్రు?"

బాలయ్య జేబులో పంచాంగాన్ని తడుముకున్నాడు. "ఆమె అడిగినదానికి ఈ పంచాంగంల జవాబు లేదు సారూ" అని ఊరేగింపులోకి పోయాడు. ముందు మంజులత నడుస్తోంది, ఆమె వెనకాల ఆయన చేరాడు.

నేను ఆఫీసుకు పోయి మినిట్స్ పుస్తకం తీశాను. ఆ మంగళవారం పేజీలో 'ఇతర కారణాలు' అన్న మాట కొట్టేశాను. మంజులత భర్త లేని మనిషి కాబట్టి ముందు నడవకూడదని అభ్యంతరం వచ్చిందని, ఆమె అక్కడే నిలబడి విన్నదని రాశాను. దాని కింద, ఆ మాటకు అడ్డు చెప్పకుండా ఊరుకున్న వాళ్ల పేర్లు వరసగా రాశాను. మొదటి పేరు నాది.